చూడాల్సింది చేతుల్ని

కార్వేటినగరంలో మా చిన్నాయన ఇంటి వసారాలో ఒక ఫోటో ఉంటుంది. 1990ల నాటిది. పేపర్లో పడ్డ ఫోటోని స్టూడియోలో పెద్దది చేయించి ఫ్రేము కట్టించారు. ఒక ఎమ్మెల్యే జీపు దిగుతుంటాడు. మెడనిండా దండలు, నుదుట బొట్టు, జోడించిన చేతులు. చుట్టూ ఓ యాభై మంది జనం. అందరూ ఆయన్నే చూస్తుంటారు. ఫోటోకి ఎడమ అంచున, సగం భుజం కత్తిరించినట్టుగా, సఫారీ డ్రెస్సులో ఒక సన్నటి మనిషి ఉంటాడు. ఎమ్మెల్యేని చూడనిది ఆ ఫోటోలో ఆయనొక్కడే. ఆ సన్నటి మనిషే మా చిన్నాయన.

చిన్నప్పుడు అడిగాను. "ఏం చిన్నాయనా, ఫోటో తీస్తా ఉంటే యాడనో చూస్తా ఉండావే?" 

"నేను ఆయప్పను చూసేదానికి పోలేదురా. ఆయప్పను చూసేవాళ్ళని చూసేదానికి పోయినా."

చిన్నాయన ఆర్మ్‌డ్ రిజర్వ్ కానిస్టేబుల్‌గా చేరి, అందులో ఏడేళ్ళు గన్‌మన్‌గా పనిచేశాడు. కాగితాల మీద పి.ఎస్.ఓ., అంటే వ్యక్తిగత భద్రతాధికారి. ఊళ్ళో మాత్రం గన్‌మనే. మా రాయలసీమలో ఒక నాయకుడి స్థాయి తెలియాలంటే ఆయనకి 1+1 ఉందా, 2+2 ఉందా అని అడుగుతారు. ఒక షిఫ్టుకి ఒకడా, ఇద్దరా అని లెక్క. ఆ లెక్కలో ఒక అంకెగా ఏడేళ్ళు బతికినవాడు మా చిన్నాయన.

ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే 'ఐ వజ్ నెహ్రూస్ షాడో' కనబడింది. ముందు గుర్తొచ్చింది ఈ ఫోటోనే. అందుకే కొన్నాను. ఈ వ్యాసం ఆ పుస్తకం గురించే, కానీ చిన్నాయన మధ్యమధ్యలో వస్తూనే ఉంటాడు. ఆయన్ని తప్పించి ఆ పుస్తకాన్ని చదవడం నా వల్ల కాలేదు.

*

పుస్తకం రాసింది కె.ఎఫ్. రుస్తంజీ. 1916లో నాగపూర్ దగ్గర కాంప్టీలో పుట్టిన పార్సీ. 1938లో పోలీసు సర్వీసులో చేరాడు. 1952 నుంచి 1958 దాకా ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూకి ముఖ్య భద్రతాధికారి. తర్వాత మధ్యప్రదేశ్ పోలీసుకి ఐ.జి. అయ్యి చంబల్ బందిపోట్లతో తలపడ్డాడు. 1965లో సరిహద్దు భద్రతా దళం, మనం బి.ఎస్.ఎఫ్. అంటున్నది, మొదలైనప్పుడు దానికి మొట్టమొదటి అధిపతి. 1991లో పద్మవిభూషణ్ వచ్చింది. ఆయన డైరీలు రాసుకునేవాడు. 2003లో ఆయన పోయాక, పి.వి. రాజగోపాల్ అనే మరో పోలీసు అధికారి ఆ డైరీల్లోంచి నెహ్రూ దగ్గరున్న ఆరేళ్ళనీ ఏరి, కూర్చి, 2006లో పుస్తకంగా తెచ్చారు.

అంగరక్షకుల జ్ఞాపకాలు మనం ఎందుకు కొంటాం? నిజాయితీగా చెప్పుకుంటే తలుపు సందులోంచి చూడ్డానికి. పెద్దమనిషి ఏం తిన్నాడు, ఎవరిని తిట్టాడు, ఎవరి కోసం ఎదురుచూశాడు. ఈ పుస్తకంలో ఆ సరుకు లేకపోలేదు. ఒకసారి డిబ్రూగఢ్‌లో నెహ్రూ సిగరెట్ కేసు తేవడానికి గదిలోకి వెళ్తే, ఆయన సేవకుడు హరి ఆయన పాత సాక్సులకి పడ్డ చిరుగులు కుడుతూ కనిపించాడట. సౌదీ అరేబియాలో ఆయన కోసం ప్రత్యేకంగా ఇచ్చిన రాజభవనంలో ఈయన గదిగదికీ వెళ్ళి లైట్లు ఆర్పేవాడట. వృథా అంటే గిట్టదు కదా, అదీ సంగతి.

బాగుంటాయి ఇవి. కానీ ఇలాంటి పేరాలకి ఏమవుతుందో మనకి తెలుసు. నెహ్రూని ఇష్టపడేవాళ్ళు సాక్సుల పేరాని ఫార్వర్డ్ చేస్తారు. ఇష్టపడనివాళ్ళు ఎడ్వినా పేరు ఎక్కడుందో వెతుకుతారు. ఇద్దరికీ పుస్తకంతో పని అంతటితో సరి. మధ్యలో ఆరేళ్ళపాటు నిలబడ్డ మనిషి ఎవరికీ అక్కర్లేదు. 

నేను మొదటిసారి చదివినప్పుడు నాకూ అక్కర్లేకపోయాడు. సాక్సుల దగ్గర ఆగి పెన్సిల్‌తో గీత కూడా గీశాను. రెండోసారి చదివింది కార్వేటినగరంలో, సంక్రాంతి సెలవుల్లో, చిన్నాయన పక్కన కూచుని. ఆయనకి ఇంగ్లీషు పుస్తకం చదివే అలవాటు లేదు. నేను ఒక్కో పేరా చదివి తెలుగులో చెప్తుంటే వింటున్నాడు. సాక్సుల సంగతికి నవ్వాడు. లైట్ల సంగతికి "మావోడు ఫ్యాను కూడా ఆపేవాడు కాదు" అన్నాడు. నెహ్రూ జనంలోకి దూకే ఘట్టాలు వచ్చేసరికి మాత్రం ముందుకి జరిగి కూచున్నాడు.

*

పుస్తకానికి ప్రాణం అక్కడుందని నాకు అర్థమైంది అప్పుడే.

నెహ్రూకి భద్రత అంటే చిరాకు. జనాన్ని చూస్తే ఆగలేడు. బారికేడ్లు దాటేస్తాడు, కారు ఆపించి దిగిపోతాడు. జనం అదుపు తప్పితే వేదిక మీంచి దూకి, చేతిలో ఏది ఉంటే దాంతో తనే జనాన్ని అదిలిస్తాడు. ఆ కోపం నిమిషంలో పోయి నవ్వు వస్తుంది. జనానికి అదొక వేడుక. వెనకున్న భద్రతాధికారికి మాత్రం ఒక్కో క్షణం ఒక్కో గండం. 1955 మార్చిలో నాగపూర్‌లో ఓపెన్ కారులో వెళ్తుండగా ఒక రిక్షా కార్మికుడు కత్తితో ఫుట్‌బోర్డు మీదకి దూకాడు. నెహ్రూకి ఏమీ కాలేదు. దాన్ని ఆయన పెద్దగా పట్టించుకోనూ లేదు. తన సొంత ప్రాంతంలో, తన కాపలాలో జరిగిన ఆ దూకుడిని రుస్తంజీ పట్టించుకోకుండా ఉండగలిగేవాడా?

ఇక్కడ ముగ్గురి చూపులున్నాయి. నాయకుడు జనాన్ని చూస్తాడు, ఒక పెద్ద ముద్దలాగా. జనం నాయకుణ్ణి చూస్తారు. కాపలావాడు కూడా జనాన్నే చూస్తాడు గానీ, ముద్దగా చూస్తే అతని పని జరగదు. ఒక్కో ముఖం, ఒక్కో చెయ్యి విడివిడిగా చూడాలి. మన ప్రజాస్వామ్యంలో సభకి వచ్చిన ప్రతి మనిషినీ ఒక్కొక్కరిగా చూసే ఉద్యోగం బహుశా అదొక్కటే. ఆ చూపులో ప్రేమ లేదు, అనుమానం ఉంది. అయినా చూపంటూ ఉంది.

అందుకే అంగరక్షకుడి పుస్తకం నాయకుడి గురించి ఎంత చెప్పిందన్నది నా దృష్టిలో రెండో ప్రశ్న. జనం గురించి ఏం చెప్పిందన్నది మొదటిది. 

నాయకుడికి జనం కావాలి, కాపలావాడికి జనమంటే భయం. ఈ తగువు నెహ్రూతో మొదలవలేదు. 1948 జనవరి 20న బిర్లా హౌస్‌లో ప్రార్థన సభ దగ్గర బాంబు పేలింది. వచ్చేవాళ్ళని సోదా చేయిస్తానని పటేల్ అంటే గాంధీ ఒప్పుకోలేదు. ప్రార్థనకి వచ్చేవాళ్ళని తడిమి పంపడమేంటన్నది ఆయన పట్టుదల. పదో రోజున, 30న, చేతులు జోడించి నమస్కారం పెట్టిన మనిషే కాల్చాడు. 

మా ఊరి నుంచి పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా దక్షిణానికి పోతే శ్రీపెరంబుదూరు ఒక పూట ప్రయాణం. 1991 మే 21 రాత్రి అక్కడ రాజీవ్ గాంధీ దగ్గరకి ధను గంధపు దండతో వచ్చింది, కాళ్ళకి మొక్కడానికన్నట్టు వంగింది. ఇందిర హత్య తర్వాత 1985లో పుట్టిన ఎస్.పి.జి. రక్షణ అప్పటికి రాజీవ్‌కి లేదు. ప్రధాని పదవి పోవడంతో అదీ పోయింది. మాజీ ప్రధానులకి కూడా ఇవ్వాలన్న సవరణ ఆయన చనిపోయాకే వచ్చింది. ఆ రాత్రి పక్కనున్న వ్యక్తిగత భద్రతాధికారి ప్రదీప్ గుప్తా కూడా పోయాడు. 

"అప్పుడు నేను కొత్త" అన్నాడు చిన్నాయన. "ఆ తర్వాత మాకు ట్రైనింగులో చెప్పిందేందంటే, ముఖాలు చూడద్దండి, చేతులు చూడండి అని. నవ్వే ముఖం అయినా అబద్ధం చెప్తుంది, చెయ్యి చెప్పలేదు. దండ తెచ్చేవాళ్ళని, కాళ్ళకు మొక్కేవాళ్ళని, ముఖ్యంగా ఆడోళ్ళని దగ్గరికి రానీయద్దండి అని." 

ఈ మాట గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరకి రావాలి.

*

రుస్తంజీ పుస్తకాన్ని ఒంటరిగా చదివితే దాని లోటు తెలియదు. పక్కన ఇంకోటి పెట్టుకోవాలి. నేను క్లింట్ హిల్ పుస్తకాలు పెట్టుకున్నాను.

హిల్ అమెరికన్ సీక్రెట్ సర్వీస్ ఏజెంట్. 1963 నవంబర్ 22న డల్లాస్‌లో కెనెడీ మీద కాల్పులు జరిగినప్పుడు వెనక కారు మీంచి దూకి, పరిగెత్తి, కెనెడీ కారు వెనక భాగం ఎక్కిన మనిషి. ఆ వీడియోలో మనందరం చూసిన మనిషి ఆయనే. ఆయన పని ప్రెసిడెంటుని కాదు, ఆయన భార్య జాక్వెలిన్‌ని కాపాడటం. అది చేశాడు. కానీ తను ఇంకొంచెం ముందు చేరుకుని ఉంటే మూడో తూటా తనకి తగిలేదని జీవితాంతం అనుకున్నాడు. 1975లో ఒక టీవీ ఇంటర్వ్యూలో ఆ మాట చెప్తూ కెమెరా ముందే కుప్పకూలాడు. తర్వాత చాలా ఏళ్ళు తాగుడు, ఒంటరితనం. 'మిసెస్ కెనెడీ అండ్ మీ' వచ్చింది 2012లో, లీసా మెకబిన్ అనే పాత్రికేయురాలి సాయంతో. అంటే దాదాపు 50 ఏళ్ళ తర్వాత. 

ఆ పుస్తకంలో కూడా సాక్సుల్లాంటి సంగతులు బోలెడు. గుర్రాలు, పడవలు, విదేశీ యాత్రలు. ఆ ఇద్దరూ చివరిదాకా ఒకరినొకరు 'మిస్టర్ హిల్', 'మిసెస్ కెనెడీ' అనే పిలుచుకున్నారు. కానీ పుస్తకం మొత్తం ఒక్క ఆరు సెకన్ల వైపు నడుస్తుంటుంది. ఆ నవ్వుల పేజీలన్నీ ఆ ఆరు సెకన్లని ఆలస్యం చేయడానికి రాసినట్టుంటాయి. హిల్ దగ్గర మనకి దొరికేది ఒక తప్పు. అది నిజంగా ఆయన తప్పా అన్నది వేరే సంగతి, ఆయన దాన్ని తనదిగా మోశాడు. కాపలావాడి జీవితంలో గుర్తుండేది విఫలమైన క్షణమే. కాపాడిన వేల రోజులకి కథ ఉండదు. ఏమీ జరగని రోజే అతని విజయం. ఏమీ జరగని రోజు గురించి ఎవరు రాస్తారు?

రుస్తంజీకి అలాంటి క్షణం లేదు. ఆయన కాపాడిన మనిషి మంచం మీద కన్నుమూశాడు, అదీ ఈయన ఆ ఉద్యోగం వదిలిన ఆరేళ్ళకి. కాబట్టి పుస్తకంలో పశ్చాత్తాపపు బరువు లేదు. ఆరాధన ఉంది, విసుగు ఉంది, మంచి చమత్కారం ఉంది. డైరీ కాబట్టి హిల్ పుస్తకంలో లేని తాజాదనం ఉంది. ఆ రాత్రి అలసట ఆ రాత్రే రాసుకున్నది. కానీ తన చేతుల గురించి ఈ డైరీ చెప్పేది తక్కువ. రాసేటప్పుడు ఆయన చూపు జనం మీంచి తిరిగి నెహ్రూ మీద పడిపోతుంది. పగలంతా జనాన్ని చూసినవాడు రాత్రి కూచుని నాయకుణ్ణి చూస్తాడు. పేరులోనే ఉంది కదా, 'నీడ' అని. నీడకి సొంత చేతులుండవు.

ఇది నేను కనిపెట్టింది కాదు. నేను చదవడం ఆపాక చిన్నాయన అడిగిన ప్రశ్న.

"ఈయప్ప ఎవర్నన్నా నెట్టినట్టు రాసినాడా?"

*

మరుసటి రోజు పొద్దున చిన్నాయన అటక మీంచి ఒక లాంగ్ నోట్‌బుక్ దింపాడు. గన్‌మన్‌గా ఉన్నప్పుడు రాసుకున్నది. నేను ఎగిరి గంతేశాను. తెలుగులో కూడా పెద్ద పదవుల పక్కన నిలబడ్డవాళ్ళ జ్ఞాపకాలు వచ్చాయి గానీ, అవి పి.వి.ఆర్.కె. ప్రసాద్ 'అసలేం జరిగిందంటే' లాంటివి, ఐ.ఎ.ఎస్. అధికారులు రాసినవి. కుర్చీ పక్క కుర్చీలోంచి చూసినవి. కుర్చీ వెనక నిలబడి చూసింది నా చేతిలో ఉందనుకున్నాను.

అందులో ఏమీ లేదు. తేదీ, టైము, చోటు. 'పొ. 5.40 ఇల్లు. 6.15 గెస్టుహౌసు. 7.00 బయల్దేరినాం. మధ్యాన్నం భోజనం లేదు. రా. 11.20 ఇల్లు.' పేజీల తరబడి ఇదే. నాయకుడి పేరు ఎక్కడా లేదు. ఎవరెవరు వచ్చి కలిశారో లేదు. చిన్నాయన నోటితో మాత్రం చెప్పాడు. సంతలో కూరగాయలు తెచ్చిన సంగతి, పిల్లల్ని స్కూలు నుంచి తెచ్చిన సంగతి, పెళ్ళిళ్ళలో అందరూ బంతిలో కూచుంటే గోడకి ఆనుకుని నిలబడ్డ సంగతి. "తుపాకి కంటే సంచీ ఎక్కువసార్లు మోసినాను లేరా." ఆ ఎమ్మెల్యే పేరు ఆయన ఈ మాటల్లో ఎత్తలేదు, నేనూ ఎత్తను.

ఒక పేజీలో మాత్రం టైముల కింద మూడు మాటలున్నాయి. 'ముసిలామె. పచ్చచీర. కాయితం.' 

అడిగితే చాలాసేపు చెప్పలేదు. పుష్కరిణి దాకా నడుద్దాం రమ్మన్నాడు. మా ఊళ్ళో స్కంద పుష్కరిణి మెట్ల మీద కూచుంటే ఎవరికైనా మాటలు వస్తాయని చిన్నమ్మ అంటుంది. అక్కడ చెప్పాడు.

1996 ప్రాంతంలో ఏదో సభ. దిగుతుంటే ఒక ముసలామె జనంలోంచి దూసుకొచ్చింది. ఎడమ చేత్తో దారి చేసుకుంటోంది, కుడి చెయ్యి రొండిన దోపుకున్న చీర మడతలో ఉంది. ఎమ్మెల్యే కాళ్ళ దగ్గర వంగబోయింది. 

"కాళ్ళకు మొక్కతా ఉంది. ఆడమనిషి. చెయ్యి కనపడలేదు. మూడూ ఒకేసారి. నేనేం ఆలోచించలేదురా, ఆలోచించే టైము యాడుండాది. నెట్టినాను. గట్టిగా నెట్టినాను."

ఆమె వెల్లకిలా పడింది. మణికట్టు మీద పడింది. చీర మడతలోంచి బయటికొచ్చిన చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం. వితంతు పింఛను అర్జీ. కింద వేలిముద్ర. ఎమ్మెల్యే చూడకుండానే ముందుకు వెళ్ళిపోయాడు. చిన్నాయన కాగితం తీసి పి.ఏ. చేతిలో పెట్టాడు. అంతకంటే ఆగడానికి లేదు, ఆయన వెంట పోవాలి. సాయంత్రం మళ్ళీ ఆ ఊరికి పోయి అడిగితే ఆమె ఏ ఊరో ఎవరూ చెప్పలేకపోయారు. 

"దాంట్లో తప్పేముంది చిన్నాయనా, నీకు నేర్పింది అదే కదా" అన్నాను. 

"తప్పని నేను అన్నానా? ఆమెకు చెయ్యి విరిగిందేమో అని అన్నా."

శ్రీపెరంబుదూరులో ఒక చేతిలో దండ ఉంది. ఆ దండ చేసిన పని, అయిదేళ్ళ తర్వాత చిత్తూరు జిల్లాలో ఎక్కడో ఒక ముసలామె మణికట్టు మీద పడింది. ఈ రెంటికీ మధ్యనున్న దారి ఏ కమిషన్ రిపోర్టులోనూ ఉండదు. అది ఉండాల్సింది అంగరక్షకుడి పుస్తకంలోనే. ఆ అరసెకనులో కత్తి పట్టిన చెయ్యీ, అర్జీ పట్టిన చెయ్యీ ఒకేలా కనిపిస్తాయని, తప్పకుండా ఏదో ఒకరోజు తప్పు చేతిని నెట్టాల్సి వస్తుందని, ఆ తర్వాత కూడా మర్నాడు పొద్దున 5.40కి బయల్దేరాలని చెప్పగలిగిన సాక్షి అతనొక్కడే.

*

రుస్తంజీకి అన్యాయం చేస్తున్నానేమో అనిపించి ఆయన తర్వాతి జీవితం చదివాను. అక్కడ నా వాదనకి నేనే అడ్డం తిరగాల్సి వచ్చింది.

1977 తర్వాత ఆయన జాతీయ పోలీసు కమిషన్ సభ్యుడు. ఆ హోదాలో బీహార్ జైళ్ళకి వెళ్ళాడు. విచారణ మొదలవకుండానే ఏళ్ళ తరబడి లోపల ఉన్నవాళ్ళని చూశాడు. కొందరు, నేరం రుజువైతే పడే గరిష్ఠ శిక్ష కంటే ఎక్కువ కాలం అప్పటికే గడిపేశారు. 1979 జనవరిలో ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో ఆ సంగతి రాశాడు. ఆ వ్యాసాలు పట్టుకుని న్యాయవాది కపిలా హింగోరాణి సుప్రీంకోర్టుకి వెళ్ళారు. అదే హుసైనారా ఖాతూన్ కేసు. సత్వర విచారణ ఇరవై ఒకటో అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని కోర్టు చెప్పింది. వేలమంది విచారణ ఖైదీలు బయటికొచ్చారు. మన దేశంలో ప్రజాప్రయోజన వ్యాజ్యాల చరిత్ర రాసేవాళ్ళు ఈ కేసుని మొదటి వరుసలో పెడతారు.

జైళ్ళకి ఎంతోమంది అధికారులు వెళ్ళొచ్చారు. ఖైదీల గుంపుని గుంపుగా చూసి వచ్చారు. ఈయన ఒక్కొక్కరి లెక్క చూశాడు: ఎవరు, ఎప్పుడొచ్చాడు, ఎందుకున్నాడు. ఆరేళ్ళపాటు జనాన్ని ఒక్కో ముఖంగా, ఒక్కో చెయ్యిగా చూసిన అలవాటు ఊరికే పోయిందని నేను అనుకోను. అప్పుడు అనుమానంతో చూసిన చూపే ఇరవై ఏళ్ళ తర్వాత పట్టింపుగా మారిందేమో. ఇది నా ఊహే. కానీ ఈ సంగతి తెలిశాక 'ఐ వజ్ నెహ్రూస్ షాడో'ని ఇంకోలా చదవొచ్చు. నెహ్రూ కోసం కాదు, చూడటం నేర్చుకుంటున్న ఒక పోలీసు కోసం. అలా చదివితే పుస్తకంలో మంచి పేజీలు మారిపోతాయి. సాక్సుల పేజీలో గీత చెరిపేసి, జనం పేజీల్లో గీసుకున్నాను.

అయినా నా ఫిర్యాదు మొత్తం పోలేదు. రుస్తంజీ అధికారి. ఆయనకి డైరీ రాసే తీరిక, భాష, రాసింది భద్రంగా దాచే ఇల్లు, పోయాక సంకలనం చేసే సహోద్యోగి ఉన్నారు. ఆయన ఆజ్ఞ ఇస్తే నెట్టే చేతులు వేరేవాళ్ళవి. ఆ చేతులకి పుస్తకం లేదు. 2003 అక్టోబర్ 1న బ్రహ్మోత్సవాలకి పట్టువస్త్రాలు తీసుకెళ్తున్న ముఖ్యమంత్రి చంద్రబాబు కాన్వాయ్ మీద అలిపిరిలో క్లేమోర్ మైన్లు పేలాయి. నేను అప్పుడు తిరుపతిలో ఇంటర్. చిన్నాయన గన్‌మన్ పని మానేసి బ్రహ్మోత్సవాల బందోబస్తులో ఉన్నాడు, ఎక్కడ డ్యూటీ పడిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. టీవీలో ముఖ్యమంత్రి క్షేమం అని వస్తోంది. చిన్నమ్మ ఆ వార్త కోసం చూడ్డం లేదు. తెల్లారి చిన్నాయన గుమ్మంలో బూట్లు విప్పేదాకా ఆమె టీవీ ముందు నుంచి లేవలేదు. 2009 సెప్టెంబర్ 2న రచ్చబండ కోసం మా జిల్లాకే వస్తూ వై.ఎస్. హెలికాప్టర్ కూలినప్పుడు ఆయనతో పాటు ఇంకో నలుగురు పోయారు. వారిలో ముఖ్య భద్రతాధికారి వెస్లీ ఒకరు. ఆ నలుగురి పేర్లూ చెప్పమంటే మనలో ఎంతమంది చెప్పగలం?

మా ఊళ్ళో ఒకప్పుడు సంస్థానం ఉండేది. ఆ ఆస్థానంలోని సారంగపాణి వేణుగోపాలుడి ముద్రతో కట్టిన పదాలు ఇప్పటికీ పాడుతున్నారు, నర్తిస్తున్నారు. రాజుల పేర్లు చరిత్రలో ఉన్నాయి. వాళ్ళ గుమ్మం దగ్గర రాత్రంతా నిలబడ్డవాళ్ళ పేరొక్కటీ మిగల్లేదు. కావలివాళ్ళకి మన కథల్లో ఉన్న చోటు ఎలాంటిదో భాగవతంలో జయవిజయులు చెప్తారు. వైకుంఠ ద్వారం దగ్గర తమ పని తాము చేశారు, సనకాది మునుల్ని ఆపారు, శాపం తిన్నారు. ఎందుకు ఆపారో వాళ్ళ వైపు నుంచి చెప్పినవాళ్ళు లేరు.

చిన్నాయన్ని రాయమన్నాను. నువ్వు చెప్పు, నేను టైపు చేస్తానన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "నాయకుడి గురించి చెప్తే మోసం చేసినట్టు, నా గురించి చెప్తే ఎవురు చదవతారురా" అన్నాడు. ఈ రకం పుస్తకాలన్నిటి సమస్యనీ ఇంత పొట్టిగా ఏ సమీక్షకుడూ చెప్పలేదు. ఆ ముసలామె గురించి మాత్రం, పేర్లు లేకుండా, రాసుకోమన్నాడు. "ఆమె వాళ్ళెవురన్నా చదవచ్చు గదా" అన్నాడు.

రుస్తంజీ పుస్తకం దొరికితే చదవండి. నెహ్రూ మీద మీకున్న అభిప్రాయం బహుశా మారదు. ఎవరైనా రాజకీయ నాయకుడి ఫోటో చూసినప్పుడు మాత్రం అంచున నిలబడి ఎటో చూస్తున్న మనిషి కోసం మీ కళ్ళు వెతుకుతాయి.